పై పోర్షన్ పిల్ల ఫంక్షన్

మొన్న మా తమ్ముడి కూతురి శారీ ఫంక్షన్‌కు బట్టలు కుట్టించడానికి ఏఎస్ రావు నగర్ పోయాను. షాపులో అమ్మాయి ఒక గౌను తీసి నా ముందు పరిచింది. పరచడమంటే నిజంగా పరచడమే, కౌంటర్ సరిపోక సగం ఆమె ఒళ్లో పడింది. గులాబీ రంగు, నడుము దగ్గర పిడికెడు, కింద గొడుగంత ఘేరా. "ఇప్పుడు ఫంక్షన్లకు ఇదే ట్రెండ్ మేడమ్. ఎంట్రీకి ఇది, తర్వాత శారీ" అంది. నాకు నవ్వాగలేదు. "ఈ ట్రెండ్ నాచారంలో మా గల్లీకి ఎప్పుడో వచ్చింది తల్లీ, అప్పటికి నువ్వు పలక పట్టి ఉంటే గొప్ప" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. చూడదా మరి! ఆటోలో ఇంటికొచ్చే దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. మధ్యలో ఒకచోట కళ్లు కూడా తుడుచుకున్నాను. ఆటో అతను అద్దంలోంచి చూసి పాట సౌండు తగ్గించాడు, మంచివాడు.

అప్పుడు మేం ఉన్నది ఫ్యాక్టరీల వెనక గల్లీ. గాలి ఒక పక్క నుంచి వీస్తే బిస్కెట్లు కాలుతున్న కమ్మటి వాసన, ఇంకో పక్క నుంచి వీస్తే మందుల ఘాటు. రెండూ కలిసి వీచిన రోజు మా అమ్మకు తలనొప్పి, మాకు ఆకలి. నాన్న ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. కింది పోర్షన్‌లో రెండు గదులు మావి. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు, ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్న తాత. తాత అంటే నాన్న వాళ్ల నాన్న. పక్కింట్లో ఓనరమ్మ. నల్గొండ వైపు మనిషి. నోరు పెద్దది, పెట్టే చెయ్యి అంతకన్నా పెద్దది. గల్లీలో ఎవరింట్లో ఏం పొయ్యి మీద ఉందో ఆమెకు తెలియకుండా ఉడికేది కాదు.

పై పోర్షన్ చాలా రోజులు ఖాళీగా ఉండి, ఒక ఎండాకాలం హఠాత్తుగా నిండింది. ఉప్పల్లో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసు ఒకటి ఉండేది. ఎక్కడో అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్లు ఫోన్ చేస్తే ఇక్కడ మన పిల్లలు ఎత్తి, ఆ భాషలోనే జవాబు చెప్పాలట. ఆ భాష నేర్పడానికి ఆ దేశాల మనుషుల్నే పిలిపించారు. అలా మెక్సికో నుంచి ఒకావిడ, ఆమె కూతురు మా నెత్తి మీదికి వచ్చి దిగారు. వాళ్ల పేర్లు మా గల్లీలో ఎవరికీ నోరు తిరగలేదు. తల్లి పై పోర్షనామె అయింది, కూతురు పై పోర్షన్ పిల్ల అయింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. నా కన్నా రెండేళ్లు పెద్దది, జానెడు పొడుగు.

మొదటి ఆదివారమే తల్లీకూతుళ్లు మా గుడిలో కనిపించారు. మేం ఆర్‌సీఎంలం, అంటే రోమన్ క్యాథలిక్కులం, చర్చిని గుడి అనే అంటాం. పూజంతా తెలుగులోనే సాగినా వాళ్లు ఎక్కడ లేవాలో అక్కడ లేచారు, ఎక్కడ మోకరించాలో అక్కడ మోకరించారు. ఒక్క ముక్క అర్థం కాకుండా అన్నీ సరిగ్గా చేస్తున్న వాళ్లను చూసి మా అమ్మ అక్కడికక్కడే మనసు ఇచ్చేసింది. బయటికి రాగానే చెయ్యి పట్టుకుని "మనింటికి పోదాం పాండ్రి" అంది, మనిల్లే వాళ్లిల్లు కూడా కాబట్టి ఎలాగూ వచ్చేవాళ్లే.

ఇక అప్పటి నుంచి ఆదివారాలు ఆదివారాల్లా లేవు. హైదరాబాదు మొత్తం మీద స్పానిష్ మాట్లాడే మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో వాళ్లంతా మా డాబా మీదికి చేరేవాళ్లు. ఉప్పల్ ఆఫీసు వాళ్లు, కొలంబియా నుంచి వచ్చిన ఒక మొగుడూ పెళ్లాం, పెరూ కుర్రాళ్లు, కాన్వెంట్‌లో ఉండే స్పెయిన్ దేశపు ముసలి సిస్టరు. వచ్చిన అరగంట ముద్దులూ కౌగిలింతలూ. తర్వాత కొట్లాట. నువ్వు ఆ మాట అలా అంటావేంటి, మా దగ్గర చిక్కుడు గింజల్ని అలా వండరు, మీ పాట పాటేనా. పై పోర్షన్ పిల్ల మెట్ల మీద నా పక్కన కూర్చుని చెప్పేది: "సొంత దేశాలల్ల అయితే వీళ్లు ఒకళ్ల మొఖం ఒకళ్లు సూడరు. ఈడ ఇంకెవ్వరు లేరు గదా, గందుకే చుట్టాలైన్రు." మా గల్లీ మాత్రం తక్కువ తిన్నదా? కరీంనగర్ వాళ్లు, వరంగల్ వాళ్లు, నల్గొండ వాళ్లు బోరింగు దగ్గర ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూనే నీళ్లు పట్టుకునేవాళ్లు.

వాళ్ల వంటలు చూసి ఓనరమ్మకు గుండె ఆగినంత పనయ్యేది. మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ వెంట నాగజెముడు పొదలు ఉండేవి. ఒక పొద్దున పై పోర్షనామె పట్టకారు, కత్తి, బకెట్టు పట్టుకుపోయి ఆ మట్టలు కోస్తోంది. ఓనరమ్మ రోడ్డు మీదికి పరిగెత్తింది.

"ఓ పిల్లా! మీ అమ్మకు జెప్పే, గది జెముడు! కూరగాయ గాదు! తింటే సస్తరు!"

"మా దేశంల గిది కూరగాయనే అత్తమ్మా," అంది పిల్ల.

"మీ దేశం పాడుగాను! ఏం, తినేతందుకు ఇంకేం దొర్కలేదా?"

తల్లి ఆ మట్టల ముళ్లు గీకి, సన్నగా తరిగి, ఉల్లిగడ్డ టమాటా కోడిగుడ్డు వేసి వేయించింది. గిన్నె పట్టుకుని కిందికి తెస్తే ఎవరూ ముట్టలేదు. మా తాతే ముందు నోట్లో వేసుకున్నాడు. మేమంతా ఆయన్నే చూస్తున్నాం. కాసేపు నమిలి, "బెండకాయ తీరుగనే ఉన్నది, జర జిగురు" అన్నాడు. అంతే, ఇక అందరి చేతులూ గిన్నెలో.

మక్కజొన్నలను సున్నపు నీళ్లలో ఉడకబెట్టడం ఇంకో వింత. సున్నం కోసం ఆమె పాన్ డబ్బాకు పోయేది. ఒక్క కిళ్లీ అడగకుండా బొచ్చెడు సున్నం అడిగే సరికి డబ్బా ఆయన బెదిరిపోయాడు. ఆ మక్కలను కడిగి ఓనరమ్మ గ్రైండర్‌లో రుబ్బుతుంటే, వెల్లవేసిన గోడ మీద తొలివాన పడ్డ వాసన వచ్చేది. ఆ పిండిని ఆమె రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కేది. మా అమ్మ చూసి చూసి "జరుగమ్మా" అని పక్కకు నెట్టి, జొన్నరొట్టె కొట్టినట్టు చేత్తో చప్పచప్పా కొట్టి పెనం మీద వేసింది. పై పోర్షనామె అమ్మ చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. మా అమ్మ సిగ్గుపడి వారం రోజులు ఆ మాటే చెప్పుకుంది.

పిల్లకు తెలుగు నేనూ ఓనరమ్మా నేర్పాం. కాబట్టి ఆ పిల్లకు వచ్చింది సగం ఆటల తెలుగు, సగం తిట్ల తెలుగు. "జల్ది ఇయ్యి మామా, మా అమ్మ ఎదురుసూస్తది" అని పాన్ డబ్బా దగ్గర అరిస్తే, గల్లీలో నిలబడ్డవాళ్లు నవ్వలేక చచ్చేవాళ్లు. ఇద్దరం కలిసి చెయ్యని వెధవ పని లేదు. వాచ్‌మన్ నిద్రపోయే వేళ ఫ్యాక్టరీ గోడ మీంచి మామిడికాయలు కొట్టేవాళ్లం. మొదటిసారి నేను ఉప్పూ కారం పొట్లం తీసేలోపు ఆ పిల్ల తన జేబులోంచి తన పొట్లం తీసింది. వాళ్ల దగ్గరా మామిడికాయకు కారమే అద్దుతారట! ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ప్రపంచం అవతలి చివర కూడా బుద్ధిమంతులున్నారని అనుకున్నాను.

నీళ్ల ట్యాంకు మీద కూర్చుని కాయలు తింటూనే ఆ పిల్ల తన పదిహేనో పుట్టినరోజు సంగతి చెప్పింది.

"మా దగ్గర ఆడపిల్లకు పదిహేనేండ్లు నిండితే మస్తు పెద్ద పండుగ. గుడిల పూజ, పెద్ద గౌను, అందరికి దావత్. అందరి ముంగట నన్ను కుర్సీల కూసోబెడ్తరు. గప్పటిదాంక ఏసుకున్న చిన్నపిల్లల చెప్పులు తీసి మా నాయిన నాకు హీల్స్ తొడుగుతడు. గప్పుడు లేసి ఆయనతోని డాన్స్ చేస్త. గంతే, ఇగ నేను పెద్దదాన్ని."

"మీ నాయిన వస్తడా మరి?"

"రాకుంట ఎట్లుంటడు? చిన్నగున్నప్పటి సంది బడి బూట్లు తొడిగినప్పుడల్ల గదే ఆట ఆడెటోడు. గౌను లేకున్న ఫికర్ లేదు నాకు. గదొక్కటి కావాలె."

వాళ్ల నాన్న మెక్సికోలోనే ఉండేవాడు. ఆ పుట్టినరోజుకు వస్తానని మాట ఇచ్చాడు. తెల్ల హీల్స్ డబ్బాలోంచి తీసి నాకు చూపించేది. ఒక్కసారి కూడా వేసుకోలేదు. నన్నూ వేసుకోనివ్వలేదు, ఎంత బతిమాలినా సరే.

పుట్టినరోజు దగ్గర పడ్డాక పై పోర్షనామె డాబా మీద టెంటు వేసుకోవడానికి ఓనరమ్మను అడగబోయింది. కూతురు ఇంట్లో లేదు, వచ్చీరాని మాటలు, మిగతాది చేతులు. అమ్మాయి అని సైగ చేసింది, చిన్నది అని చెయ్యి కిందికి పెట్టింది, పెద్దది అని పైకి లేపింది, ఫంక్షన్ అంది. ఓనరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇంకేం కావాలి! పిల్ల పెద్దమనిషి అయిందన్నమాట. పరాయి దేశంలో, తోడబుట్టినవాళ్లెవరూ లేక, పాపం తల్లి ఎవరికి చెప్పుకోవాలో తెలియక తిరుగుతోందన్నమాట.

సాయంత్రానికి గల్లీ అంతా మెట్లెక్కింది. నువ్వుల ముద్దలు, ఎండు కొబ్బరి, బెల్లం, కొత్త చాప. బడి నుంచి వచ్చిన పిల్లను బ్యాగుతో సహా పట్టుకుని మూలకు కూర్చోబెట్టారు. "గడప దాటకు బిడ్డా. చెట్టు ముట్టకు. గీ ముద్ద తిను, నడుముకు బలం." పిల్ల ఏదో చెప్పబోతే నోట్లో ఇంకో ముద్ద పెట్టారు, ఆ నోటితోనే నా వైపు చూసింది. నేను అసలు సంగతి చెప్పబోయాను. "నీకేం ఎరుకనే, నోర్మూస్కో" అన్నారు. సరే పోనీ అని నేనూ ఒక నువ్వుల ముద్ద తీసుకుని పక్కన కూర్చున్నాను. తల్లికైతే కళ్లనిండా నీళ్లు. వీళ్లకు కూడా పదిహేనేళ్ల పండుగ ఉందని, అందుకే ఇంత ప్రేమగా వచ్చారని ఆమె అనుకుంది. ఒక్కొక్కరినీ కావలించుకుంది. ఏమీ తెలియకుండా ఇంతమంది ఇంత సంతోషంగా ఏడవడం నేను మళ్లీ చూడలేదు.

ఆదివారం ముసలి సిస్టరు వచ్చాక సంగతి తేలింది. అమ్మ మెల్లగా పోయి ఓనరమ్మకు విడమర్చి చెప్పింది. ఓనరమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. తర్వాత విరగబడి నవ్వింది.

"అయితే మాత్రం ఏంది? తిన్న ముద్దలు కక్కిస్తనా? పిల్ల పెద్దగైందంటే పెద్దగైందే. ఫంక్షన్ మాత్రం మన తీరుగ దండిగ కావాలె, ఆఁ!"

అంతా బాగుందనుకుంటున్నప్పుడు రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. ఉప్పల్ ఆఫీసు వాళ్లు ఆ స్పానిష్ పనిని వేరే దేశానికి మార్చేశారు. నెల తిరక్కుండానే కొలంబియా వాళ్లు పోయారు, పెరూ కుర్రాళ్లు పోయారు. పై పోర్షనామె మిగిలిన పని ముగించి పోవాలి. ఆ ఆదివారం డాబా మీద తల్లీ కూతుళ్లూ ముసలి సిస్టరూ తప్ప ఎవరూ లేరు. పాట కూడా పెట్టలేదు. అదే వారం మెక్సికో నుంచి ఫోన్ వచ్చింది. పిల్ల నాయనమ్మ మంచాన పడిందట. ఆమెను వదిలి వాళ్ల నాన్న రాలేడట.

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ట్యాంకు మీద కూర్చుని, "ఫంక్షన్ వద్దు. గౌను ఏసుకోను" అంది, అంతే. నేను తెచ్చిన మామిడికాయ కూడా ముట్టలేదు. కారం పొట్లం విప్పి ఊరికే గాలికి వదిలేసింది.

తండ్రి లేకపోతే తండ్రిలాంటి మగమనిషి ఎవరైనా తొడగవచ్చని సిస్టరు చెప్పింది. అది విని ఓనరమ్మ తన భర్తను ముందుకు తోసింది. ఆయన రిటైరైన పెద్దమనిషి, మడత నలగని చొక్కా. "ఆడపిల్ల కాళ్ల కాడ కూసొని చెప్పులు తొడుగుడా? నేనా? నలుగురు సూస్తే ఏమంటరు?" అన్నాడు. అప్పుడు పై పోర్షనామె కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి దిగింది. జ్వరం వచ్చినప్పుడు ఆమెను దవాఖానాకు తీసుకుపోయింది మా నాన్న. కరెంటు పోతే ఫ్యూజు కట్టింది మా నాన్న. తమ్ముడిలాంటివాడివి, నా బిడ్డకు నువ్వే తొడగాలి అని తల్లి అంటుంటే, పిల్ల తల వంచుకుని తెలుగులో చెప్పింది.

నాన్న మొహం మాడిపోయింది. "నాకు డ్యూటీ ఉంటది," అని, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి పోయాడు. ఆ వేళకు ఆయనకు డ్యూటీ లేదని అందరికీ తెలుసు.

ఎందుకు పోయాడో నాకూ తెలుసు. మా తాత ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. పచ్చితోలును ఊని పదును చెయ్యడం దగ్గర నుంచి చెప్పు వారు బిగించడం దాకా అన్నీ ఆయన చేతుల్లోవే. నాన్న ఈ గల్లీలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇల్లు అద్దెకు దిగిన రోజు ఓనరమ్మ భర్త "మీరు ఏమిట్లోళ్లు?" అని కులం అడిగాడు. క్రిస్టియన్లమని చెబితే "గది సరే, గంతకు ముందల?" అని మళ్లీ అడిగాడు. నాన్న వ్యవసాయం అని ఏదో చెప్పి తప్పించుకున్నాడు. అప్పటి నుంచి తాతకు ఇంట్లో ఒక నియమం. మా చెప్పు తెగినా తాత ముట్టకూడదు. ఉప్పల్ చౌరస్తాలో కుట్టించుకు రావాలి. తెగిన చెప్పు చూసినప్పుడల్లా తాత చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

నాన్న తిరిగొచ్చాక అమ్మ ఊరుకోలేదు. "పిల్ల మొఖం సూసినవా? రెండు నిమిషాల పని. ఏం పోతది నీది?"

"నీకు తెల్వదా?" నాన్న గొంతు పెంచకూడదని పళ్లబిగువున మాట్లాడుతున్నాడు. "గా సారు తొడిగితె గది పండుగైతది. నేను తొడిగితె? ఇయ్యాల పండుగ అంటరు, రేపు మనదేందో ఎరుకైతె 'గది వీళ్ల పనే గదా' అంటరు. నేను ఊరిడిసి వచ్చింది గా మాట పడొద్దనే."

గడప దగ్గర కూర్చున్న తాత అప్పుడు నోరు విప్పాడు.

"నేను తొడుగుత."

"నాయినా, నువ్వు ఊకో!"

"ఎందుకు ఊకోవాలె కొడుకా? జర నా మాట ఇను. ఊర్ల నన్ను కుట్టుమన్నరు గని, తొడుగుమన్నోడు ఎవడు? దొర వాకిట్ల దుమ్ముల అడుగేసి పోతె, గా గుర్తును పుల్లతోని కొలుసుకొని వచ్చేటోణ్ణి. కుట్టినంక గడప కాడ పెట్టి దూరం జరగాలె. కుదిరిందా, కరుస్తున్నదా అని అడిగేతందుకు లేదు. నా ఈడంత గట్లనే గడిసింది. గీ పోరి తనంతట తాను కాలు సాపి తొడుగుమంటున్నది. నువ్వు కాదంటవ్, నేను గుడ కాదనాల్నా?"

నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "నీ ఇష్టం," అన్నాడు, కానీ ఒప్పుకున్నట్టు లేదు ఆ గొంతు. నేను మాత్రం రెండేసి మెట్లు దూకుతూ పైకి పరిగెత్తాను. పిల్ల నా మాట విని, నన్ను గట్టిగా గిల్లి, నిజమేనని ఒట్టు వేయించుకుంది.

ఫంక్షన్ రోజు ఓనరమ్మ అన్నట్టే దండిగా జరిగింది. పొద్దున గుడిలో పూజ. సాయంత్రం డాబా మీద రంగుల టెంటు, లైట్ల తోరణాలు, పాటల బాక్సులు. ఒక గంగాళంలో బగారన్నం, ఇంకో దాంట్లో కోడికూర, పక్కనే మక్కరొట్టెలు, నాగజెముడు వేపుడు. గులాబీ గౌనులో పిల్ల మెట్ల మీద పట్టక, నేనూ తమ్ముడూ వెనక నుంచి ఘేరా నొక్కి పట్టుకుంటే ఎలాగో పైకెక్కింది. ఓనరమ్మ మాత్రం గౌను మీదనే పూలజడ వేయాల్సిందేనని పట్టుబట్టి వేసింది. అంతమందిలో స్పానిష్ తెలిసినవాళ్లు ముగ్గురే అయినా కుర్చీ ఒక్కటి ఖాళీ లేదు. పై పోర్షనామె చుట్టూ చూసి చూసి మాటిమాటికీ ముక్కు చీదుకుంది.

నడుమ కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టారు. తాత తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. డబ్బా అందుకుని ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చున్నాడు. నాన్న బగారన్నం గంగాళం దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డాడు, ఇటు చూడడం లేదు. తాత పిల్ల పాత చెప్పులు తీసి పక్కన పెట్టాడు. రెండు చేతులతో మడమ పట్టుకుని హీలులోకి జొనిపాడు. చేతులు వణుకుతున్నాయి, నా కళ్లకు స్పష్టంగా కనిపించింది. రెండోది కూడా తొడిగి తలెత్తి అడిగాడు.

"కుదిరిందా బిడ్డా? యాడనన్న కరుస్తున్నదా?"

"మస్తు కుదిరింది తాతా," అంది పిల్ల. ఆ మాట మీదే ఇన్నాళ్ల ఏడుపంతా వచ్చేసింది ఆ పిల్లకు.

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఓనరమ్మ భర్త సరదాగానే అన్నాడు: "ఏం పెద్దాయనా, గింత సక్కగ తొడిగినవ్! యాడ నేర్సినవ్?"

తాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. "కుట్టుడు ఎప్పుడో నేర్సిన సారూ. తొడుగుడు ఇయ్యాల్నే."

అర్థమైనవాళ్లకు అర్థమైంది. ఓనరమ్మ భర్త మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. అప్పుడు నాన్న గంటె గంగాళంలో పడేసి ముందుకొచ్చాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"అవ్ సార్. మా నాయిన ఊర్ల చెప్పులు కుట్టేటోడు," అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా. అని, పిల్ల దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. "డాన్స్ నాయినతోనే చెయ్యాలంట గదా? రా బిడ్డా. నాకైతె ఏం రాదు, కాలు తొక్కుతె తిట్టకు."

పై పోర్షనామె పాట పెట్టింది. మా నాన్న డాన్సు గురించి నేనేం చెప్పను! ఫ్యాక్టరీలో బరువు సామాను జరిపినట్టు ఆ పిల్లను ఇటు జరిపి అటు జరిపాడు. ఎదురింటి వాళ్లు ఇద్దరు అన్నం తినకుండానే మెట్లు దిగారు, నేను చూశాను. ఓనరమ్మ కూడా చూసింది. పాట అయిపోగానే హారతి పళ్లెం ఎత్తుకుంది. పిల్లకు బొట్టు పెట్టింది, నాన్నకు పెట్టింది. తాత దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆయనకూ పెట్టి, "నడువ్ పెద్దాయనా, కూసో, నేను వడ్డిస్త" అంది. మా గుడి ఫాదర్‌ అక్కడే ఉన్నాడు. క్రైస్తవుల నుదుట కుంకుమ చూసి ఆయన చూడనట్టు కోడికూర వైపు తిరిగాడు.

తర్వాత గల్లీలో కొందరు మాతో ముభావంగా మారారు. బోరింగు దగ్గర బిందె కాస్త దూరం జరిపినవాళ్లూ ఉన్నారు. ఓనరమ్మ మాత్రం తన చెప్పు తెగితే నేరుగా తెచ్చి తాత ముందు పెట్టి, "కుట్టుమంటలేను, ఎట్ల కుట్టాల్నో గా చౌరస్తా ఆయనకు జెప్పేతందుకు అడుగుతున్న" అనేది. తాత నవ్వి కుట్టే ఇచ్చేవాడు. నాన్న అడ్డు చెప్పలేదు. ఎండాకాలం మొదట్లో తల్లీకూతుళ్లు తమ దేశం వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. తెలంగాణ వచ్చేనాటికి తాత లేడు, మేమూ ఇల్లు మారి దమ్మాయిగూడకు వచ్చేశాం. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు దిగులు రాదు, కడుపు నిండినట్టే ఉంటుంది.

ఫంక్షన్ మర్నాడు పొద్దున, టెంటు వాళ్లు పైన గుంజలు విప్పుతుంటే, తాత గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"తాతా, నిన్న చేతులు అట్ల వణికినయేంది? భయమైందా?"

తాత టీ గ్లాసు కింద పెట్టి, అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"భయం గాదు బిడ్డా. ఊరందరికి చెప్పులు కుట్టిన గని, మనిషి కాలు గంత ఎచ్చగుంటదని నాకు ఎన్నడు తెల్వలే."